రేకులు, సూదులు

ల్యాబ్‌లో ఆయన్ని అందరూ నిదానం మాస్టారు అనేవారు. వేడి ఫ్లాస్కును ఐసులో ముంచి తొందరపెట్టడం ఆయన ఒంటికి సరిపడదు. దానంతటది చల్లారాలి, లోపల స్ఫటికాలు తీరిగ్గా పేరుకోవాలి. ఆయన కనిపెట్టిన నలభై ఒకటో మందు ఆరేళ్లుగా అలాగే, పల్చటి అభ్రకం రేకుల్లా అడుక్కి దిగేది.

ఆ సోమవారం ఉదయం ఫ్లాస్కు అడుగున రేకులు లేవు. సన్నటి తెల్లటి సూదులున్నాయి.

పరీక్షిస్తే పదార్థం అదే. అణువుల పేర్పు మారింది, అంతే. కానీ రేకులు కడుపులో కరిగేవి. సూదులు కరగవు, మింగినవి మింగినట్టే బయటికి పోతాయి. మర్నాడూ సూదులే. గాజు సామాను మార్చారు, మందును కరిగించే సాల్వెంట్ మార్చారు, గోడలు కూడా కడిగించారు. కంటికి ఆనని సూది నలుసు ఒక్కటి పడితే చాలు, ఫ్లాస్కంతా దాని దారే పడుతుంది. ఆ నలుసు గాలిలో ఉందో, తన చొక్కా మడతల్లోనే ఉందో ఆయనకు అంతుపట్టలేదు.

ఆ మందు వాడి చూస్తున్న పదకొండుమంది రోగుల్లో ఆయన చెల్లెలొకతె. ఆయన చేర్పించలేదు, ఆసుపత్రివాళ్లే ఎంచుకున్నారు. అంతకుముందు చెంచా పట్టుకోలేకపోయిన మనిషి, ఇప్పుడు అన్నగారి చొక్కాలకు గుండీలు కుడుతోంది.

"అన్నయ్యా, మాత్రలు ఇంక పద్దెనిమిది రోజులకే ఉన్నాయి," అంది ఫోన్లో. "నీ నిదానం నా దగ్గర చూపించకు. వదిన బతికుంటే నిన్ను అదిలించేది. ఇప్పుడా పని కూడా నా నెత్తిన పడింది."

"వస్తాయిలేవే."

"నువ్వంత తేలిగ్గా అన్నావంటే నాకు భయమేస్తుంది."

ఊరికి ఆ చివర ఇంకో ల్యాబ్‌లో ఆయన శిష్యురాలు అదే మందు చేస్తోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎవరూ వెళ్లిన పాపాన పోలేదు. ఇప్పుడదే అదృష్టమైంది.

"మాస్టారూ, మా దగ్గర ఇంకా రేకులే," అందామె. "కాకపోతే చిటికెడే వస్తోంది. మీరు చల్లార్చే లెక్కలుంటే సరిపడా తీస్తాను. మీరు మాత్రం రావద్దండి. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా. గుమ్మం బయట నిలబడతానన్నా ఒప్పుకోకు."

ఇరవై పేజీల అంకెలు. ఫోన్లో చదివితే ఎక్కడో ఒకటి తప్పు వినబడుతుందని ఆయన నోట్‌బుక్కే పంపాడు. అట్టను తడిగుడ్డతో తుడిచి, రెండు కవర్లలో పెట్టి, ఎప్పుడూ ల్యాబ్‌లోకి అడుగుపెట్టని డ్రైవరు చేతికిచ్చాడు. చాలా రోజులకు మనసు కాస్త కుదుటపడింది.

మధ్యాహ్నం, కడిగేవాళ్లను కూడా ముట్టుకోనివ్వని తన రాతబల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఆరేళ్లు నోట్‌బుక్ ఉన్నచోట నలుచదరంగా శుభ్రమైన జాగా. చుట్టూ సన్నటి తెల్లటి పొడి. వేలితో రాస్తే మెరిసింది.

అట్ట తుడిచాడు. రోజూ పొడి అంటిన చేతులతోనే తెరిచి రాసుకున్న పేజీలు తుడవలేదు.

"అమ్మా, ఆ పుస్తకం తెరవకు," అన్నాడు శిష్యురాలు ఫోన్ ఎత్తగానే.

"ఎప్పుడో తెరిచాను మాస్టారూ. పక్కన పెట్టుకునే చేస్తున్నాను. మీ కోడిగీతలు చూసి ఎన్నాళ్లయిందో."

"ఫ్లాస్కు మూత?"

"ఇందాకే తీసి టెంపరేచరు చూశాను. ఏం?"

ఆయన చెప్పాడు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇంకా తేటగానే ఉందండీ," అంది మెల్లగా. అంతలోనే, "అడుగున ఏదో మెరుస్తోంది."

"రేకేనా?"

చదువుకునే రోజుల్లో ఏది పగలగొట్టినా తనే వచ్చి చెప్పేసేది. అబద్ధమాడటం ఆ పిల్లకు చేతకాదు. ఇప్పుడేమీ చెప్పలేదు.

"పోనీలేమ్మా," అన్నాడాయన. "ఇందులో నీ తప్పేమీ లేదు. ముందు కూర్చుని కాసిని మంచినీళ్లు తాగు."

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చెయ్యి దాని మీదే ఉంది. చొక్కా మణికట్టు దగ్గర చెల్లెలు మొన్న కుట్టిన గుండీ కనబడింది. కుట్టు గట్టిగా, వరసగా, ఒక్క పోగు కూడా వంకర పోకుండా ఉంది.