నాకంటే పెద్దదైన చెల్లెలు

చిన్ని నా చెల్లెలు. నాకూ దానికీ పదిహేడేళ్ళ తేడా. అది పుట్టిన మూడో నెలలో అమ్మ పోతే, గంజి పట్టి, చంకనేసుకుని పెంచింది నేనే. కానీ మా పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే అది నాకంటే రెండేళ్ళు పెద్దది. ఈ సంగతికి మేమిద్దరం పాతికేళ్ళు నవ్వుకున్నాం.

నేను తొంభై ఆరులో దుబాయ్ వచ్చాను. మా వైపు ఏ అరబ్బు ఊరినైనా దుబాయ్ అనే అంటారు. నేను దిగింది అల్ ఐన్‌లో. అప్పటికి నాకు ముప్పై ఆరు. ఇంటిపనికి వయసు తక్కువ వాళ్ళనే అడుగుతారని మా ఏజెంటు వీరరాఘవరావు గారు ఆరేళ్ళు కోసేసి ముప్పై అని రాశాడు. మూడేళ్ళ తర్వాత సెలవు మీద వెళ్ళినప్పుడు చిన్నిని కూడా తెచ్చుకుందామని మళ్ళీ ఆయన దగ్గరికే పోయాను. దాని మొగుడు అప్పటికే దాన్ని వదిలేశాడు. వయసెంతమ్మా అని అడిగితే ఇరవై రెండన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు. ముప్పై నిండని ఆడదాన్ని ఇంటిపనికి విమానం ఎక్కనివ్వరని, ముప్పై ఐదు వేస్తే ఎవరూ నోరెత్తరని చెప్పాడు. పుట్టినరోజు సంగతి అడగనక్కర్లేదు. మా ఊరి ఆడవాళ్ళందరికీ ఆయన జనవరి ఒకటే వేసేవాడు.

చిన్ని నా వైపు చూసింది. నేను వెయ్యండి అన్నాను.

ఫోటోకి దాని చేత నూలు చీర కట్టించి, ముడి వేయించి, పక్కింటి మామ్మ కళ్ళజోడు పెట్టించాను. ఆ కళ్ళజోడుతో స్టూడియో మెట్లు కనబడక బోర్లా పడింది. లేచి, మోకాలు దులుపుకుంటూ, "ఒసే పాపాయమ్మా, అక్కని పట్టుకోవా?" అంది. ఆ రోజు నుంచి నన్ను ఏడిపించాలంటే అది పెద్దరికం చేసేది.

అల్ ఐన్‌లో మా ఇళ్ళకి మధ్య రెండు వీధులు. నాది వంట పని. దానిది మొదట్లో ఇంటిపని, తర్వాత ముసలావిడ పని. దానికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, ఆయన తల్లికి పక్షవాతం వచ్చి ఇప్పటికి ఎనిమిదేళ్ళు. చాలా భారీ మనిషి. ఆవిణ్ణి మంచం మీంచి లేపి, చంకల కింద చేతులు వేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టగలిగింది చిన్ని ఒక్కత్తే. ఆదివారాలు చర్చిలో కలుసుకునేవాళ్ళం. ప్రార్థనయ్యాక బయట వేపచెట్ల కింద నేను తెచ్చిన అన్నం ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్ళం.

రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్లో చిన్ని వీసా రెన్యువల్‌కి వచ్చింది. కఫీల్ ఎప్పట్లాగే కాగితాలు పంపాడు. అవి తిరిగొచ్చేశాయి. జనవరికి దానికి అరవై నిండాయంట. అరవై నిండిన పనిమనిషికి కొత్త వీసా లేదంట. ఇంతకు ముందైతే వీసా ఆఫీసులో పెద్దాయన్ని, ముదీర్‌ని కలిసి ఒక మాట చెబితే జరిగిపోయేదని, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే కనక వయసు చూసి అదే తిప్పి కొడుతోందని కఫీల్ బాధపడ్డాడు. మంచివాడే. వీసా రద్దయిన రోజు నుంచి నెల రోజులు గడువు. ఆ లోపల దారి దొరక్కపోతే ఖలాస్, వెళ్ళిపోవాలి.

చిన్నికి నలభై ఏడేళ్ళు. ఆ మాట కంప్యూటర్‌కి చెప్పేదెవరు?

మా చర్చిలో విల్సన్ అని పాలకొల్లు మనిషి ఉన్నాడు. టైపింగ్ సెంటర్లో పాతికేళ్ళుగా జనం కాగితాలు నింపుతున్నాడు. ఆదివారం చెట్టు కింద కూర్చుని మా కథంతా విన్నాడు. బడి సర్టిఫికెట్టు ఉందా అన్నాడు. అది బడి మొహం చూడలేదు. బాప్తిస్మం రిజిస్టరు అన్నాడు. ఎనభై ఆరు వరదల్లో అది తడిసి ముద్దై పోయింది. అయితే పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళెవరైనా సాక్ష్యం రాసివ్వాలన్నాడు. దాంతో అబుదాబి ఎంబసీలో పుట్టిన తేదీ మార్చమని అర్జీ పెడితే ఒక రసీదు ఇస్తారు. ఆ రసీదు చూపించి కఫీల్ ఇంకొంత గడువు అడగొచ్చు. తప్పకుండా అవుతుందని చెప్పలేనని, ఇక్కడ అందరి కళ్ళూ స్కాన్ చేసి పెట్టుకున్నారు కనక బోలెడు ప్రశ్నలు వేస్తారని కూడా చెప్పాడు. అయినా ఉన్న దారి అదొక్కటే అన్నాడు.

పుట్టుక తెలిసి మిగిలినదాన్ని నేనొక్కదాన్నే; తమ్ముడికి అప్పటికి ఊహ తెలియదు.

విల్సన్ సాక్ష్యం తెలుగులో రాసి, చదువుకుని సంతకం పెట్టండి పాపాయమ్మ గారూ, తర్వాత ఇంగ్లీషులో కొడతానని ఇచ్చాడు. నాకు చదువు రాకపోయుంటే బాగుండేది. పచ్చళ్ళు చుట్టి తెచ్చిన పేపర్లు పట్టుకుని వంటగదిలో నాకు నేనే నేర్చుకున్న చదువు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక కాగితం తెరిచాను. మూడో వరసలో ఉంది: 'నేను ఈమెకు స్వయానా అక్కను. ఈమె కంటే పదిహేడు సంవత్సరములు పెద్దదానను.' కింద నా పేరు, నా పాస్‌పోర్టు నంబరు.

నా పాస్‌పోర్టులో నాకు యాభై ఎనిమిది. చెల్లెలికి నలభై ఏడని, దానికంటే పదిహేడేళ్ళు పెద్దదాన్నని నేనే సంతకం పెడితే నా వయసెంతో చిన్నపిల్లలైనా కూడి చెబుతారు. అరవై నాలుగు. దానికి మూసిన తలుపే నాకూ మూస్తారు.

నేనెందుకు భయపడ్డానో చెప్పాలి. ఇక్కడ నాకు వంటగది వెనక ఒక గది ఉంది. ఇంటి దగ్గర తమ్ముడి వరండా ఉంది, దాని అవతల వీధిలో నా కొడుకు దేవరాజు సమాధి ఉంది. నేను బయల్దేరిన రోజు వాడికి తొమ్మిదేళ్ళు. నర్సాపురం బస్టాండులో కిటికీ ఊచ పట్టుకుని బస్సుతోపాటు నాలుగడుగులు నడిచాడు. రెండేళ్ళకి జ్వరం వచ్చి పోయాడు. ఆ ఊచ మీద వేళ్ళు వదిలించింది నేనే. ఇప్పటికీ నేను ఆ బస్టాండులో దిగను, ముందు స్టాపులోనే దిగిపోతాను.

కాగితం మడిచి ఖర్జూరాల డబ్బాలో పెట్టాను.

మొదటి ఆదివారం మేడమ్ ఇంటికి చుట్టాలొచ్చారు, చదవడం కుదరలేదని చెప్పాను. రెండో ఆదివారం కళ్ళజోడు విరిగిందన్నాను. చిన్ని సరేలే అంది. విల్సన్ త్వరగా ఇవ్వమ్మా అన్నాడంతే. మూడో ఆదివారం చర్చికే వెళ్ళలేదు. మోకాలు నొప్పని ఫోన్‌లో చెప్పాను.

ఆ మధ్యాహ్నం వెనక గేటు తలుపు చప్పుడైంది. మే నెల ఎండలో రెండు వీధులు నడిచి చిన్ని వచ్చింది, చేతిలో నొప్పుల మందు సీసాతో. ముసలావిడకి రాసే మందేనంట, బాగా పనిచేస్తుందంట. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కింద కూర్చుని, నా మోకాలు ఒళ్ళో పెట్టుకుని అరగంట రాసింది. ఏ నొప్పీ లేని మోకాలు. దాని చేతులు ఎంత బలంగా ఉన్నాయో అప్పుడు తెలిసింది నాకు. కాగితం గురించి ఒక్క మాట అడగలేదు. ముసలావిడ కబుర్లు చెప్పింది. వెళ్ళేటప్పుడు చెయ్యి కడుక్కుని డబ్బాలోంచి రెండు ఖర్జూరాలు తీసుకుంది. మూత పెట్టేటప్పుడు కాగితం కనబడే ఉంటుంది.

నాలుగో ఆదివారానికి ముందురోజు సంతకం పెట్టాను. చర్చి గేటు దగ్గరే విల్సన్ చేతిలో పెట్టాను. అతను సంతకం చూశాడు, ఫోన్‌లో తేదీ చూశాడు. గడువు బుధవారంతో అయిపోతుందని, ఎంబసీలో పది రోజుల దాకా ఖాళీ లేదని చెప్పాడు. "మొదటివారమే ఇచ్చుంటే..." అని, నా మొహం చూసి ఆపేశాడు. కాగితం మళ్ళీ నాకే ఇచ్చాడు. చిన్ని చెట్టు కింద డబ్బా మూత తీసి, నా కోసం కూర్చుని ఉంది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి కారు. మేడమ్‌ని అడిగి వెళ్ళాను. ముసలావిణ్ణి గుమ్మం దాకా తెచ్చారు. ఆవిడ మంచి చేత్తో చిన్ని మణికట్టు పట్టుకుంది. కోడలు ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

గేటు బయట కాగితం దాని చేతిలో పెట్టాను. ఊళ్ళో కోర్టు ద్వారా వయసు మార్పించుకోవడానికి పనికొస్తుందని విల్సన్ చెప్పాడు. అదయ్యాక మళ్ళీ రావడానికి చూసుకోవచ్చు. అది మడత విప్పి, తిరగేసి చూసింది. దానికి అక్షరం రాదు. నేను నేర్పలేదు.

"ఏం రాసుందో చదువు," అంది.

చదివాను. మూడో వరస దాటేద్దామనుకున్నాను. అయినా చదివాను.

"పదిహేడేనా? నీ వాలకం చూసి ఇంకా ఎక్కువనుకున్నాను," అంది. డ్రైవర్ యల్లా అని హారన్ కొట్టాడు. అది కదల్లేదు.

"ఏవే, నీకు అరవై ఎప్పుడు? కాగితంలో?"

"వచ్చే జనవరి కాదు, ఆ పై జనవరి."

కాగితం మళ్ళీ ఉన్న మడతల్లోనే మడిచింది. "అయితే అప్పుడు పట్రా. నువ్వే పట్రా. ఇప్పుడిది నా దగ్గరుంటే నీ నంబరు ఎవడో ఒకడు చూస్తాడు."

"నీ కోసమేనే రాయించింది."

"తెలుసు. పట్టుకో. అక్క చెబితే వినాలి."

నేను తీసుకున్నాను. దాని భుజం మీద బ్యాగు జిప్పు తెరిచే ఉంది. చెయ్యి చాపి లోపల పడేస్తే సరిపోయేది. కారు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను, కాగితం పట్టుకుని.

ఏడింటికి ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది. కౌంటర్లో పిల్ల పాస్‌పోర్టు చూసి, పెద్దావిడవి కదా అని చక్రాల కుర్చీ తెప్పించిందంట. నవ్వుతూనే చెప్పింది. వద్దనకపోయావా అన్నాను.

"ఎందుకూ? ఎనిమిదేళ్ళు తోశాను," అంది. "కూర్చుంటే బాగానే ఉందక్కా. ఎవరో తోసుకెళ్తున్నారు."

కుర్చీ చక్రాల చప్పుడు కాసేపు ఫోన్‌లో వినిపించింది. నేను పెట్టెయ్యలేదు. అదే పెట్టేసింది.