లాలిపాటలో పదకొండు సెకన్లు

నేను ఒక హార్డ్ డిస్కుని. నల్లగా, అరచేతి వెడల్పున ఉంటాను. చూడ్డానికి అందగాణ్ణేమీ కాను. కానీ నా లోపల అద్దంలాంటి పళ్ళెం ఒకటి నిమిషానికి ఐదువేల నాలుగువందల సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక ముల్లు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున తేలుతూ, రాయాల్సింది రాస్తుంది, చదవాల్సింది చదువుతుంది. ఆ ముల్లు పళ్ళేనికి తగిలిందా, నా పని అయిపోయినట్టే. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు. ఇది తెలియకపోతే నా కథ అర్థం కాదు.

నేను పుట్టిన చోట దుమ్ము కణం కూడా ఉండదు. అక్కడి పనివాళ్ళు నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లబట్ట కప్పుకుని కళ్ళు మాత్రం కనిపించేలా తిరుగుతారు. అంత శుభ్రంగా పుట్టించిన నన్ను తీసుకొచ్చి కాకినాడ మెయిన్ రోడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన ఒక గాజు బీరువాలో పెట్టారు. మనుషుల శ్రద్ధ ఇంతే, మొదట్లో మహా ఎక్కువగా ఉంటుంది.

ఆ బీరువాలో నా పక్కన బిస్కెట్ అంత డ్రైవ్ ఒకటి ఉండేది. దాని లోపల తిరిగేదీ లేదు, చప్పుడు చేసేదీ లేదు. కింద పడినా చెక్కుచెదరదు. నాకంటే నాలుగు రెట్లు వేగం. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూసేవారు. నేను ఏడాదిన్నర అలా పడి ఉన్నాను.

ఒకరోజు పొద్దున్న తాతబ్బాయి వచ్చాడు. రామచంద్రపురంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు మైకు సెట్టు నడిపిన మనిషి. పెళ్ళయినా, ఉపన్యాసమైనా, హరికథైనా ఆ ఊళ్ళో హారన్లు కట్టింది ఆయనే. వెంట స్వరూప అనే అమ్మాయి ఉంది. ఆయన భార్య మంగతాయారుకి చెల్లెలి కూతురు, కాకినాడలోనే కంప్యూటర్ ఉద్యోగం. పెదనాన్నకి తన పాత లాప్‌టాప్ ఇచ్చి, పాటలు రికార్డు చేసే పద్ధతి నేర్పింది కూడా ఆ పిల్లే. లాప్‌టాప్‌లో జాగా చాలదు కాబట్టి పాటలన్నీ నేరుగా పట్టుకునే డ్రైవ్ ఒకటి కావాలి.

స్వరూప బిస్కెట్ డ్రైవే తీసుకోమంది. ఒకటి కాదు, రెండు తీసుకుని, ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో కూడా పెట్టుకోమంది. తాతబ్బాయి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరవాత కొట్టువాడి చేత నన్ను ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అందులో ఏదీ తిరగదా? తిరక్కుండా ఎలా పనిచేద్దమ్మా?" అన్నాడు. ఆయనకి తెలిసిన పాట ఎప్పుడూ తిరుగుతూనే వచ్చింది, ప్లేటైనా, క్యాసెట్టైనా. పైగా నాలో జాగా రెట్టింపు. స్వరూప ఎంత చెప్పినా తలకెక్కలేదు. చివరికి ఆ పిల్ల ఓడిపోయి ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పింది, ఈ లైటు మెరుస్తున్నంతసేపూ దీన్ని కదపొద్దని. ఆయన ఆ మాట రెండుసార్లు పైకి అనుకుని గుర్తుపెట్టుకున్నాడు. అలా నేను నెగ్గాను. ఏడాదిన్నర తరవాత దొరికిన గెలుపు కదా, బిస్కెట్ వైపు కాస్త గర్వంగానే చూశాను.

ఇంటికి వెళ్ళాక తెలిసింది నన్నెందుకు తెచ్చారో. మంగతాయారు గొంతులో కాయ ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో ఆపరేషన్. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు. మాట్లాడ్డానికీ ఇబ్బంది ఉండదన్నారు. కానీ గొంతు నరం ఆ కాయని ఆనుకునే ఉంది కాబట్టి పాట విషయం మాత్రం తాను హామీ ఇవ్వలేనన్నారు.

మంగతాయారు పాట గురించి ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు. సీమంతానికీ, బారసాలకీ, అప్పగింతలకీ ఆవిడ లేకపోతే జరిగినట్టు కాదు. ఎక్కడా పాటకచేరీ చేసిన మనిషి కాదు. వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పేరంటం పాటలే అన్నీ. తాతబ్బాయి ఆవిణ్ణి మొదటిసారి చూసింది కూడా ఒక బారసాలలోనే. మైకు సరిచేద్దామని వెళ్ళి, సరిచేయడం మానేసి నిలబడిపోయాడట. ఆ తరవాత ఇన్నేళ్ళూ ఆవిడ పాటని హారన్లలోంచి ఊరంతటికీ వినిపించాడు. ఒక్కటంటే ఒక్కటి రికార్డు చేసి దాచలేదు. "ఎంత పాట గాలికొదిలేసేనే తాయారూ," అని ఆయన మైకు వైరు చుట్టుకుంటూ అన్నప్పుడు, ఆవిడ గాలికి కాక ఇంకెక్కడికి పోతుందని నవ్వేసింది.

బియ్యం బస్తాలు ఉండే వెనకగది మా స్టూడియో. బస్తాలు, పాత బొంతలు గోడల వెంబడి పేర్చితే గదిలో ప్రతిధ్వని చచ్చిపోతుందని తాతబ్బాయికి ఏ పుస్తకమూ చెప్పలేదు, చెవే చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి వీధంతా కునుకు తీసే వేళ రికార్డింగు. చప్పుడవుతుందని ఫ్యాను ఆపేవాడు. మొదటిరోజే నా గురగుర కూడా మైకులో పడుతోందని కనిపెట్టి, నన్ను దూరంగా ఒక స్టూలు మీద, నాలుగు మడతల తువ్వాలు మీద కూర్చోబెట్టాడు. నాకు కాస్త చిన్నతనమైంది కానీ, తువ్వాలు మెత్తగా ఉంది.

పద్దెనిమిది రోజుల్లో ఇరవై ఆరు పాటలు. చెమట కారుతున్నా మంగతాయారు ఒక్క చరణం వదలలేదు. మధ్యలో దగ్గొచ్చి ఆగిపోతే తాతబ్బాయి కొంగుకి బదులు తన కండువా అందించేవాడు. నాకు పాట అంటే అంకెలే. అంకెలు రాస్తున్నాననుకుంటూ మొదలుపెట్టాను, పదోరోజుకి మధ్యాహ్నం రెండెప్పుడవుతుందా అని ఎదురు చూడ్డం నేర్చుకున్నాను.

ఒక్క పాట మిగిలింది. ఆయన మొదటిసారి విన్న లాలిపాట. అది మాత్రం పాడనంది.

"ఉయ్యాల్లో బిడ్డ లేకుండా లాలి పాడతారేటండీ?" అంది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, ఎవరూ లేని చోట లాలి పాడకూడదు, అది ఆ వైపు ఆడవాళ్ళందరికీ తెలిసిన పట్టింపే. తాతబ్బాయి ఆశ చావక, ఎదురింటివాళ్ళ మనవరాల్ని ఓ అరగంట తెచ్చుకుందామన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఈ దంపతులకి పిల్లలు లేరు.

"ఊళ్ళో అందరి పిల్లలకీ పాడేనండీ. ఇప్పుడు అరువుబిడ్డని తెచ్చుకుని నా కోసం పాడుకోమంటారా?" అంది మంగతాయారు. కోపంగా అనలేదు. ఆయన రెండు రోజులు ఆ ఊసెత్తలేదు.

ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం పెట్టె సర్దడం అయిపోయింది. తాతబ్బాయి వెనకగదిలోకి వచ్చి, ఎవరినీ పిలవకుండా మైకు పెట్టాడు, ఫ్యాను ఆపాడు, నన్ను లాప్‌టాప్‌కి తగిలించాడు, రికార్డు నొక్కి ఊరికే కూర్చున్నాడు. చాలాసేపటికి గుమ్మంలో మంగతాయారు. మైకు వైపు, ఆయన వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

వచ్చి తువ్వాలుతో సహా నన్ను ఎత్తుకుంది. అప్పటికి గంట నుంచి తిరుగుతున్నాను, ఒళ్ళు వెచ్చగా ఉంది. "ఇది చూడండి, కడుపునిండిన పసిగుడ్డులా ఎలా గురగురలాడతందో," అంటూ నన్ను ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు మెల్లగా ఊపుతూ లాలి అందుకుంది.

నా లైటు మెరుస్తూనే ఉంది. తాతబ్బాయి చెయ్యి గబుక్కున ముందుకొచ్చింది. స్వరూప చెప్పిన మాట ఆయన మరచిపోలేదు, ఆ ముఖంలో నాకు కనిపిస్తూనే ఉంది. నాలో ఇరవై ఆరు పాటలున్నాయి. రెండో డ్రైవ్ లేదు. ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నన్ను దించేస్తుంది. ఆ చెయ్యి అక్కడే, గాలిలో ఆగిపోయింది. కాసేపటికి ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

నా సంగతి చెప్పాలంటే, అంత భయం నేను ఎన్నడూ పడలేదు. ఆవిడ ఊగిన ప్రతిసారీ ముల్లు పళ్ళెం వైపు వాలేది. బిస్కెట్ డ్రైవ్ అయితే హాయిగా నిద్రపోయేది. నేను బిగబట్టుకుని మొదటి చరణం రాశాను, రెండో చరణం రాశాను. మూడో చరణంలో ఆవిడ నన్ను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. టిక్కుమంది. పళ్ళెం మీద ఒక సన్నని గీత పడింది. ఆవిడకి వినపడలేదు. ఆయనకి వినపడింది. పాట చివరి దాకా సాగింది. నన్ను ఎవరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు, అది కూడా చెప్పాలి. ఆ భయంలోనే నాకు సంతోషంగా ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మంగతాయారు ఆసుపత్రిలో ఉండగానే స్వరూప నన్ను తగిలించి, ఒక బిస్కెట్ డ్రైవ్ తెచ్చి అన్నీ అందులోకి ఎక్కించింది. ఇరవై ఆరూ వెళ్ళాయి. తాతబ్బాయి అక్కడే నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు. లాలిపాట మాత్రం వెళ్ళలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా మూడో చరణం దగ్గర ఆగిపోయేది. నాలోనే పెట్టి వింటే పదకొండు సెకన్లు ఏమీ వినపడదు, ఆ తరవాత మళ్ళీ పాట వస్తుంది.

"కదపొద్దని చెప్పేను కదా పెదనాన్నా. ఎలా దెబ్బ తగిలింది దీనికి?" అని స్వరూప నిలదీసింది.

"నా చేతిలోంచి జారిందమ్మా," అన్నాడు తాతబ్బాయి. నేను మాట్లాడలేను కాబట్టి సరిపోయింది.

మంగతాయారు ఇంటికొచ్చింది. మాట వచ్చింది, కానీ గరుకుగా, ఎండుటాకు నలిపినట్టు వచ్చింది. ఐదు నెలలు గడిచినా అంతే. ఆవిడ అవసరానికే మాట్లాడేది. బారసాల పిలుపులు వచ్చేవి, ఒంట్లో బాగోలేదని చెప్పించేది. రికార్డు చేసిన పాటలు పెట్టనా అని తాతబ్బాయి అడిగితే వద్దని చెయ్యి ఊపేది. ఆవిడ పాటంతా భద్రంగా ఉంది, ఆవిడే దాని జోలికి రావడం లేదు. తాతబ్బాయి దిగులంతా అదే. ఎవరూ చూడకుండా మధ్యాహ్నాలు వెనకగదిలో తలుపు దగ్గరికి వేసుకుని, నన్ను తగిలించి, చిన్నగా లాలిపాట పెట్టుకునేవాడు.

ఒకరోజు ఆవిడ బియ్యానికని తలుపు తోసింది. అప్పుడే మూడో చరణం వచ్చి పాట ఆగింది. ఆవిడ చేట పట్టుకుని నిలబడి ఎదురు చూసింది. పదకొండు సెకన్లు మనుషులకి చాలా ఎక్కువసేపు. మళ్ళీ పాట మొదలయ్యాక అడిగింది, ఎందుకాగిందని. చేతిలోంచి జారిందని ఆయన పాత అబద్ధమే చెప్పాడు.

మంగతాయారు చేట కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. నా కిందున్న తువ్వాలుని వేళ్ళతో నిమిరింది.

"మీ చేతిలోంచి ఏదీ జారదు. దీన్ని దగ్గరికి తీసుకున్నది మూడో చరణంలోనే. నా ఒళ్ళో కదండీ పాడైంది?"

ఆయన పాట ఆపాడు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆ రోజు."

"చెప్తే ఆపేసేదానివి," అన్నాడు తాతబ్బాయి.

ఆవిడ ఆయన్ని అలా చూస్తూ బస్తా మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. తరవాత, మొదట్నించి పెట్టమంది. ఆయన పెట్టాడు. నేను పాతగొంతుతో మొదటి చరణం పాడాను, రెండో చరణం పాడాను. మూడో చరణంలో గీత దగ్గరికి వచ్చి, ఎప్పట్లాగే నా దగ్గర ఏమీ లేక ఆగిపోయాను.

అప్పుడు మంగతాయారు పాడింది. గరుకుగొంతుతో, శ్రుతి ఒకచోట విరిగి, మళ్ళీ అతుక్కుని.

"కోడి కూసేదాకా నా కొంగు వదలకు తండ్రీ..."

సరిగ్గా పదకొండు సెకన్లు. ఆ తరవాతి చరణం నేనందుకున్నాను. ఆవిడ ఆపలేదు, నాతో పాటే చివరిదాకా పాడింది.