ప్రభువు బల్ల పెనం

నేను ఒక ఇనుప పెనాన్ని. నా మీద దోసెలు పోసి ఎరుగరు, చపాతీలు కాల్చి ఎరుగరు. నెలకు ఒక్కసారి, మొదటి శనివారం మధ్యాహ్నం, ఒకే ఒక్క మందపాటి రొట్టె. మిగతా రోజులన్నీ తెల్లగుడ్డలో చుట్టుకుని అటక మీద పడుకోవడమే నా ఉద్యోగం. ఇంత సుఖపడే పెనం మా జిల్లాలో ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

పుట్టుక మాత్రం అంత గొప్పది కాదు. కందుకూరు వైపు పచ్చి పొగాకు ఆరబెట్టే ఒక పాత బ్యారన్‌ను పడగొట్టినప్పుడు, దాని పొయ్యిలోంచి తీసిన పలకను కమ్మరి కొలిమిలో పెట్టి, రెండు రోజులు సుత్తితో బాది, గుండ్రంగా కోసి, ఒక పక్క పిడి అతికించాడు. అలా దెబ్బలు తినడం నాకు మొదటి నుంచీ అలవాటే. కొట్టడం మాత్రం దీనమ్మ ఇంట్లోనే నేర్చుకున్నాను.

దీనమ్మకు నేను తల్లి దగ్గర నుంచి వచ్చాను. నాతోపాటే వాళ్ళ పల్లె చర్చికి ప్రభువు బల్ల రొట్టె చేసే పనీ వచ్చింది. మొదటి ఆదివారం ఆరాధనలో ఆ రొట్టెను విరిచి పళ్ళెంలో పెట్టి అందిస్తారు, తలా ఒక ముక్క తింటారు. ఎవరితోనైనా తగవు ఉన్నవాళ్ళు ముందు సమాధానపడి రావాలని అక్కడి నియమం. ఇరవై రెండేళ్ళపాటు దీనమ్మ ఆ శనివారం తలంటుకుని, ఉతికిన చీర కట్టి, రొట్టె కాలేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. భర్త పోయినా, పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళి ఒక్కగానొక్క కొడుకు నతానియేలును పెంచుకుంది. మంచి మనిషి. తన వినయం చూసుకుని తనకే కొంచెం గర్వం, అంతే.

లారీ డ్రైవరైన నతానియేలు చీరాల పిల్ల కెజియాను పెళ్ళి చేసుకున్నాడు. సముద్రం పక్కన పెరిగిన పిల్ల. ఐదో నెల కడుపుతో ఉండగా ఎండు నెత్తళ్ళ మీద మనసు పోయింది. రోజూ వాడే పెనానికి పిడి ఊడిపోయి ఉంది. అటక మీది నుంచి నన్ను దించింది. నా జన్మలో మొదటిసారి నా మీద నూనె పడింది, చేపలు చిటపటలాడాయి. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది.

అది మొదటి శనివారం కావడమే వచ్చిన చిక్కు. కెజియా చేపలు పళ్ళెంలోకి తీసి నన్ను తోమబోతుండగా, దీనమ్మ తడితలతో వంటింట్లోకి వచ్చింది.

"ప్రభువు బల్ల పెనం మీద నీసు కాలుస్తావటే!"

"తోమి ఇస్తాలే అత్తా. దానికింత గోలెందుకు?"

ప్రభువే గట్టు మీద చేపలు కాల్చి శిష్యులకు పెట్టాడని దీనమ్మ ఎన్ని ఆదివారాలు వినలేదు! కోపం వచ్చిన మనిషికి విన్నవేవీ గుర్తుండవు. నా పిడి పట్టుకుని విసిరింది. కెజియా చేయి అడ్డం పెట్టింది. ఆ పిల్ల మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను.

ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తే దీనమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "కాలుజారి పడింది."

నతానియేలు భార్యను పుట్టింటికి తీసుకుపోయి తానూ అక్కడే ఉండిపోయాడు. ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు కూడా దీనమ్మకు ఎవరో చెబితే తెలిసింది. కాలుజారినందుకే కాపురం విడగొట్టింది, ఎంత పొగరో అని పల్లెంతా కెజియాను ఆడిపోసుకుంది. దీనమ్మ ఔననలేదు, కాదనలేదు.

ఆ గొడవ జరిగి నెల తిరిగేసరికి దీనమ్మ మళ్ళీ నన్ను పొయ్యి మీద పెట్టింది. రొట్టె ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. మాడిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! మరునాడు పక్కింటి సలోమి వచ్చి అడుగుతుంటే విన్నాను.

"ఏంది దీనమ్మక్కా, చేసేది నువ్వేనాయె, పళ్ళెం నీ దగ్గరకొస్తే పక్కకిచ్చేశావే?"

"కడుపులో బాగలేదే."

ఆ కడుపునొప్పి ఐదు నెలలు తగ్గలేదు. ఊరందరికీ రొట్టె చేసి పెట్టింది, తాను ముక్క ముట్టలేదు.

ఆరో నెల పిండి కలిపింది, నన్ను పొయ్యి మీద పెట్టింది, రొట్టె వెయ్యకుండానే దించేసింది. ఆదివారం ఉదయం నన్ను గుడ్డలో చుట్టుకుని చర్చికి పోయింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో ముసుగు సర్దుకుని లేచింది. కడుపునొప్పి తగ్గినందుకు స్తోత్రం చెబుతుందని అందరూ అనుకుని ఉంటారు.

"రొట్టె చెయ్యలా అయ్యగారూ," అంది పాస్టరుతో. "నా కోడలు కాలుజారి పళ్ళేదు. ఇదిగో, దీంతో నేనే కొట్టా. ఇన్నాళ్ళూ మీ అందరి చేతా ఆ పిల్లను తిట్టిచ్చా. దేవుడు క్షమిస్తాడని తెలుసు. ఆ పిల్ల ముందు నిలబడకుండా ఆ క్షమాపణ తీసుకోడానికి నాకు చెయ్యి రాటంలా."

పాస్టరు ఖాళీ పళ్ళెం మీద గుడ్డ కప్పాడు. తర్వాత, "ఇవాళ బల్ల వద్దు. నువ్వు పోయి రామ్మా. నీకోసం మేమంతా ఆగుతాం," అన్నాడు.

కొట్టిన వస్తువును ఒళ్ళో పెట్టుకుని క్షమాపణ అడగడానికి పోయేవాళ్ళు ఉంటారా? దీనమ్మ పోయింది. చీరాలలో తలుపు తీసిన కెజియా ఆ గుడ్డమూట చూడగానే ఒక్క అడుగు వెనక్కి వేసి, బిడ్డను గట్టిగా పట్టుకుంది. నన్ను చూసి మనిషి భయపడటం! సిగ్గుతో చచ్చిపోయాను.

దీనమ్మ నన్ను గడప బయట పెట్టి, దూరంగా జరిగి నేల మీద కూర్చుంది. "నువ్వు జారి పళ్ళేదని అందరి ముందూ చెప్పానమ్మా. తప్పు నాది. క్షమించమని నిన్ను బలవంతపెట్టను. ఈ పెనాన్ని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

"నా మాట అక్కడ ఒక్కరన్నా నమ్మారా అత్తా?" అని కెజియా భోరున ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "దాన్ని ఇక్కడ వదిలి పొండి. మీరు మళ్ళీ రండి. నేను మాత్రం ఇప్పుడే రాలేను," అంది.

దీనమ్మ ప్రతి ఆదివారం మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుని పోయేది. మూడోసారికి లోపలికి రమ్మన్నారు. ఆరోసారికి బిడ్డను ఒళ్ళో పెట్టారు. అక్కడ పల్లెలో చర్చి చర్చంతా రొట్టె లేకుండా నాలుగు నెలలు ఆగింది. ఓ పెద్దాయన బేకరీ బన్నుతో కానిద్దామన్నాడట, పాస్టరు ఒప్పుకోలేదట. నేను బియ్యం డబ్బా వెనక దుమ్ము పట్టి పడి ఉన్నాను.

ఒక శనివారం కెజియా దీనమ్మను పిలిపించి, నన్ను బయటికి లాగి తోమింది. "రేపు మొదటి ఆదివారం. పిండి కలపండి అత్తా," అంది.

దీనమ్మ పిండి కలిపింది. నన్ను మాత్రం ముట్టుకోలేదు. "పెనం నువ్వే పెట్టమ్మా," అని చేతులు కొంగులో దాచుకుని గోడవారకు జరిగి కూర్చుంది. కెజియానే కాల్చింది. రొట్టె పొంగి, రెండు వైపులా ఎర్రగా కాలింది. దించే సమయానికి, సరిగా అతకని ఆ మణికట్టు నా బరువుకు వణికింది. భర్త పక్క గదిలోనే బిడ్డను ఆడిస్తున్నాడు. కేకేస్తే వచ్చేవాడు.

కెజియా అతన్ని పిలవలేదు. గుడ్డ చుట్టిన నా పిడిని దీనమ్మ వైపు చాపి, "బరువుగా ఉంది, పట్టుకోండత్తా," అంది.

దీనమ్మ రెండు చేతులతో నన్ను పట్టుకుంది. కెజియా వెనక్కి జరగలేదు.