టేపుకందని కొవ్వు

ఆ దర్జీని వీధంతా పుల్ల అనే పిలిచేది. గాలి గట్టిగా వీస్తే వీడిని మిషనుకు కట్టేయాలని దుకాణం యజమాని హాస్యమాడేవాడు. ఇప్పుడు ఆ పుల్లవంటి దేహాన్నే నమ్ముకుని అక్క ప్రాణం నిలిచి ఉన్నది. ఆమె కాలేయం పూర్తిగా చెడిపోయింది. తల్లి కన్నుమూసిన నాటినుండి తనను కన్నబిడ్డలా సాకిన అక్కకు తన కాలేయంలో కొంత భాగమిస్తానని అతడు ముందుకు వచ్చాడు. రక్తం కలిసింది. ఒళ్లే కలిసిరాలేదు.

"ఇంత బక్కమనిషిని అంత పెద్ద ఆపరేషన్‌కి పడుకోబెట్టలేను," అన్నది సర్జనమ్మ. "కండ పెంచుకుని రండి. కొవ్వు మాత్రం పట్టకూడదు. కాలేయంలో కొవ్వు చేరితే అది ఇవ్వడానికి పనికిరాదు. మీ అక్కగారికి వ్యవధి కూడా ఎక్కువ లేదు."

ఏం తినాలో ఆసుపత్రిలోని ఆహార నిపుణురాలు విడమరచి చెప్పింది. పూటపూటా గుడ్డో, చేపో, ఉడికిన పప్పుగింజలో తప్పనిసరి; అన్నం ఆకలికి మించరాదు; తీపిని, వెన్నను ముట్టరాదు; తిన్నది కండగా మారాలంటే బరువులెత్తాలి. "తొందరపడి ఒళ్లు చేయాలని చూడకండి, కండ నెమ్మదిగానే వస్తుంది," అని హెచ్చరించి పంపింది.

పెదవులమీద నిత్యం భగవన్నామం ఆడే అతడు దానిని వ్రతంలా పట్టాడు. దుకాణంలో బట్ట తానులు భుజాలకెత్తి దించుతుంటే యజమాని ముక్కున వేలేసుకున్నాడు.

"ఒరేయ్ పుల్లా, అటక మీదవి కూడా దించరా. నీ కండలూ వస్తాయి, నా దుమ్మూ పోతుంది."

తనను తాను కొలుచుకోవడం అతనికి నిత్యకృత్యమైంది. దండచేయి లావెక్కుతున్నది, నడుము కొలత చెక్కుచెదరలేదు. మనిషి ఒంట్లో ఏది పెరిగినా టేపు చెప్పకుండా దాచదని అతని నమ్మకం. ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

ఎందుకంటే, ప్రతి ఉదయం అక్క గోడ పట్టుకుని వంటగదిలోకి నడిచేది. మరి దేనికీ మంచం దిగలేని మనిషి, పాలలో మీగడ వేసి, దండిగా చక్కెర పోసి, గ్లాసు నిండా తెచ్చి చేతిలో పెట్టేది.

"తీపి వద్దన్నారక్కా."

"వాళ్లకేం తెలుసురా? నిన్ను పెంచింది వాళ్లా, నేనా? గుడ్లు తిని ఎవడైనా ఒళ్లు చేస్తాడా? తాగు."

తప్పని అతనికి తెలుసు. కాని ఆ పాలు కలిపే కాసేపే ఆమె రోగి కాదు, అక్క. ఆ కాసేపటిని ఆమె చేతిలోనుండి లాక్కోవడానికి అతనికి మనసొప్పలేదు. గ్లాసు పట్టుకుని మేడమెట్లు దిగి పెరట్లోకి పోయి, తాగి, కడిగి తెచ్చేవాడు. పిదప నడుముకు టేపు చుట్టి చూసుకునేవాడు. గీత దాటలేదు. గుండె కుదుటపడేది.

స్కానింగ్ అయిన రోజున సర్జనమ్మ చాలాసేపు తెరవైపే చూసింది.

"కండ బాగానే వచ్చింది. కాలేయంలో మాత్రం కొవ్వు చాలా చేరింది. ఇది తీసుకోలేను."

"నడుము పెరగలేదండీ. నేను దర్జీని. నా కొలత తప్పదు."

"కొవ్వంతా నడుముకే చేరాలని లేదు కదా."

"తగ్గించుకుంటాను."

"తగ్గుతుంది. నెలలు పడుతుంది." ఆమె అతని పక్కన కూర్చున్న అక్కవైపు చూసి, తక్కిన మాట మింగేసింది. "తీపి బాగా తిన్నారా?"

అక్క కుర్చీలో ముందుకు వంగింది. "నేనే... పాలలో చక్కెర వేసి ఇచ్చేదాన్నమ్మా. దానివల్లనా?"

నిత్యం జపించే భగవన్నామం ఆ క్షణాన అతని నాలుకకు రాలేదు. అబద్ధం వచ్చింది.

"ఆ పాలు నేనెక్కడ తాగానక్కా? పెరట్లో పారబోసేవాణ్ణి. దుకాణంలో ఆకలికి ఆగలేక కేకులు, కూల్‌డ్రింకులు... రోజూ లాగించేవాణ్ణి డాక్టరుగారూ."

అక్క అతనివైపు తిరిగింది.

"పారబోశావా?"

"ఊఁ."

"నిలబడలేక నిలబడి కలిపానురా." ఆమె గొంతు పెరగలేదు. "నా ప్రాణం నీ నాలుకకి అంత లోకువైందా?"

సర్జనమ్మకు అనుమానం వచ్చినట్టుంది. అతని ముఖం చూసి ఫైలు మూసేసింది.

వారి ఇల్లు మేడమీద. ఆటో దిగేసరికి అక్కకు మెట్లెక్కే సత్తువ లేకపోయింది. అతడు వంగి ఆమెను రెండు చేతులమీదికి ఎత్తుకున్నాడు. కొత్తగా వచ్చిన కండ తొణకలేదు. ఊపిరి కూడా బరువెక్కలేదు. ఎత్తుకున్నవారి మెడను ఎవరైనా అప్రయత్నంగా పట్టుకుంటారు. అక్క తన చేతులు రెండూ తన ఒడిలోనే ముడుచుకుని, ముఖం గోడవైపు తిప్పుకున్నది. అతడు ఆమెను మోసుకుంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కసాగాడు.