శుక్రవారం దాకా మట్టి

ఆ ఉదయం ఎదెల్మిరా పాంతోహా షెడ్డు తలుపు తీసేసరికి, మరిది సెగుందో పాత అచ్చు కిందికి దించి తుడుస్తున్నాడు. జనవరిలో కార్నివాల్ ఊరేగింపు. పాస్తో ఊళ్లో వాన వదలడం లేదు. ఊరేగింపు బండి మీద కూర్చోవలసిన రాక్షసుడి బొమ్మకు ఒళ్లంతా అయింది, తల ఒక్కటే మిగిలింది.

“ఇందులో జిగురు కాగితం అద్దేస్తే పండక్కి హాయిగా ఆరిపోతుంది వదినా. కానిచ్చేద్దామా?”

అది ఆమె భర్త లిసాంద్రో చేసిన అచ్చు. ఆయన పోయినప్పటి నుంచి ఏటా అందులోంచే తల తీస్తున్నారు. ఒక ఏడు మీసం పెట్టారు, ఒక ఏడు కొమ్ములు. నిరుడు వీధిలో ఎవరో “మళ్లీ వీడేనా!” అని అరిస్తే జనం గొల్లున నవ్వారు. బళ్ల పోటీలో అట్టడుగున నిలిచారు. ఈసారీ అంతే అయితే వచ్చే ఏడు పెద్ద ఊరేగింపులో వాళ్ల బండికి చోటుండదు.

రంగులు వేసే నీదియా ముందుకు వచ్చింది. “దోన్యా ఎదెల్మిరా” అంది, పెద్దావిడను పిలిచే మర్యాదతో. “కొత్త తల నేను మట్టితో చేస్తానండీ. దానిమీద కాగితం అంటిద్దాం.”

“చెయ్యి తల్లీ, వానే ఆరబెడుతుంది” అన్నాడు సెగుందో. “తడి తల బండెక్కితే దారిలో దవడ ఊడి పడుతుంది.”

“మీ మీదే పడాలి. కాసేపు నోరు మూతపడుతుంది” అంది నీదియా.

ఎదెల్మిరాకు నవ్వు రాలేదు. లిసాంద్రో మట్టి ముఖం చేసేవాడు, కూలగొట్టేవాడు, మళ్లీ చేసేవాడు. ఆమె పోట్లాడి, చేతిలో పనిముట్టు లాక్కుని, “ఇక చాలు” అనేది. ఆ ఇద్దరి మధ్య బొమ్మ తయారయ్యేది. ఆయన పోయాక చాలు అనే మనిషి ఒక్కతే మిగిలింది. ఎవరినీ మొదలుపెట్టనివ్వకుండానే ఆ మాట అంటూ వచ్చింది.

“ఒళ్లు ఇప్పుడున్నదే ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు” అంది చివరికి. “తల నీది. శుక్రవారం దాటితే కాగితం ఆరదు. ఆ సాయంత్రానికి ఏ ముఖం ఉంటే దానికే కాగితం.”

“బాగా రాకపోతే?”

“బాగా రాని తలే ఊరేగుతుంది.”

నీదియా చేసింది, కూలగొట్టింది. సెగుందో సణుగుతూ చుట్టూ తిరిగి, చివరికి తనూ మట్టి ముద్ద అందుకున్నాడు. “ముక్కు ఇంత బుద్ధిగా ఉంటే వీడికి ఎవడు భయపడతాడు?” అంటూ పక్కకు వంచాడు. నీదియా దాన్ని ఇంకా వంచింది.

శుక్రవారం వచ్చింది. ముక్కు, కళ్లు ఎవరూ ఎప్పుడూ చూడనివి. నోరు మాత్రం కుదరలేదు.

“ఒక్క రోజివ్వండి దోన్యా. నోరొక్కటే.”

ఎదెల్మిరా ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. అందులో లిసాంద్రో చెయ్యి ఎక్కడా లేదు. ఇవ్వాలనే అనిపించింది. బయట వాన అలాగే పడుతోంది.

“చాలమ్మా” అంది మెల్లగా. కాగితం జిగురులో ముంచి, మొదటి ముక్క ఆ కుదరని నోటి మీదే అంటించింది.