పళ్లెం మోగినంతసేపు

జమ్మలమడుగు దగ్గరి ఆ ఊళ్లో, పంచాయతీ ఎన్నికల ముందు, ఆదెన్న అనేవాడి అన్నను బస్సులోంచి దింపి నరికేశారు. చేయించింది ఎదుటి పార్టీ ఓబులేసని ఊరంతా అనుకున్నారు.

చనిపోయినవాడి కొడుకు చెన్నకేశవకు ఐదేళ్లు. బాలవాడిలో వాడు ఓబులేసు కూతురు సిద్దమ్మ తల రాతితో పగలగొట్టాడు.

"మా నాయన్ను సంపినోళ్ల బిడ్డ ఇది!" అని అరిచాడు.

టీచరు రాహేలు వాణ్ని కొట్టలేదు. మర్నాటి నుంచి పిల్లలందరికీ ఒక ఆట నేర్పింది. ఆమె గరిటెతో పళ్లెం వాయించినంతసేపు పిల్లలు ఆమె వెంట పరుగెత్తాలి. చప్పుడు ఆగితే ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోవాలి.

"కోపమొచ్చినా సెయ్యి లేపగూడదు. ఊపిరి మెల్లగా ఇడ్సాల" అనేది.

చెన్నకేశవ మొదట్లో పక్కవాళ్లను తోసేవాడు, కరిచేవాడు. పోనుపోను పిడికిళ్లు బిగించుకునైనా నిలబడటం అలవాటైంది.

ఒక మధ్యాహ్నం ఆట నడుమ వీధిలో బాంబు పేలింది. ఉలికిపాటుకు రాహేలు చేయి ఆగింది. అంతే, పిల్లలంతా ఆరుబయట ఎండలో రాళ్లలా నిలబడిపోయారు. గోడ దూకి ఓబులేసు వాకిట్లో పడ్డాడు. వెనకే వేటకొడవళ్లతో ఆదెన్న మనుషులు.

"లోపలికి పోండి!" అని అరిచింది రాహేలు. ఒక్కరూ కదల్లేదు. రెండో బాంబు గోడకు తగిలి పేలింది. బాంబులోని గాజుపెంకు ఆమె అరచేతిని చీల్చింది. ఆ నెత్తుటి చేత్తోనే పళ్లెం దబదబ బాదుతూ గదిలోకి పరుగెత్తింది. పిల్లలు వెంటపడ్డారు. తలుపు మూసింది.

బయట ఓబులేసు అరుపులు కాసేపు వినబడి ఆగిపోయాయి.

ఆదెన్న తలుపు తన్నుకుని వచ్చాడు. కొడవలి నుంచి నెత్తురు కారుతోంది.

"రారా కేశవా! మీ నాయన్ను సంపినోడు యెట్ల పడుండాడో సూడు. నువ్వూ ఒక ఏటెయ్యి."

"నేను రాను సిన్నాయనా."

"మొగోనికి పుట్న్యావా ల్యాదా?" అంటూ ఆదెన్న వాడి జబ్బ పట్టి లాగాడు.

రాహేలు అడ్డం పడింది. "పసిబిడ్డప్పా, వదిలిపెట్టు."

కొడవలి పిడితో ఆమె దవడ మీద కొట్టాడు. పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. బయట ఎవరో "పోలీసోళ్లు!" అని కేకేయడంతో వదిలేసి పారిపోయాడు.

అప్పుడు లేచింది సిద్దమ్మ. చెన్నకేశవ మీదికురికి గుద్దింది, మొహం రక్కింది. వాడు చేతులు రెండూ చంకల్లో దోపుకుని, ఏడుస్తూ నిలబడ్డాడు. చేయి లేపలేదు. కొట్టి కొట్టి, ఆ పిల్ల వాడి కాళ్ల దగ్గరే కూలబడింది.

రాహేలు నోట్లో నిండిన నెత్తురు ఉమ్మేసింది. ఇద్దర్నీ ఒళ్లోకి లాక్కుని, వాకిట్లో ఉన్నది సిద్దమ్మ కంట పడకుండా తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.