షుగర్ ముప్పై ఆరు

శ్రవణ్ పొద్దున కళ్ళు తెరిచి భార్య నిర్మలను పేరు పెట్టి పిలిచాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పలకడం మానేశాడు.

బోరు లారీతో ఛత్తీస్‌గఢ్ అడవుల్లోకి పనికి వెళ్ళి, జ్వరంతో మొయినాబాద్ తిరిగొచ్చాడతను. మలేరియా మెదడుకెక్కిందని చెప్పి, చేవెళ్లలోని ఈ ప్రైవేటు ఆసుపత్రిలో మూడు రోజులుగా సూదిమందు ఇస్తున్నారు.

"బ్రెయిన్ మలేరియా గదమ్మా, గిట్లనే మగతల ఉంటరు. సార్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడుగుండ్రి," అంది నర్సు సంజన.

నిర్మల మొగుడి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. చొక్కా చెమటతో తడిసి ఒళ్ళంతా చల్లగా ఉంది. ఆ చెమట ఆమెకు తెలుసు. అత్త అంతమ్మ అన్నం తినకుండా షుగర్ మాత్ర వేసుకున్న రోజున అచ్చం ఇలాగే పట్టేది. తలెత్తి చూస్తే, పొద్దున వేలాడిన గ్లూకోజు సీసా లేదు. వేరేది ఉంది.

"గ్లూకోజు ఎందుకు తీసిన్రు సిస్టర్?"

"పేషెంటుకు షుగరున్నదని మీ అత్తమ్మనే చెప్పింది. ఉత్త సెలైన్ పెట్టినం."

నిర్మల మంచం పక్కనే కూర్చున్న అత్త వైపు తిరిగింది.

"నాకున్నది, మీ మామకుండె. వానికి రాదా?" అంది అంతమ్మ. "సీసాలకు సీసాలు చక్కెర ఎక్కిస్తుంటే చూస్కుంట కూసోవాల్నా?"

"నీ బీమారి నీ కొడుక్కు నువ్వే రాసిచ్చినవా అత్తమ్మా!"

అంతమ్మ ఎక్కడికెళ్ళినా ఆమె షుగర్ మిషను సంచిలో వెంట ఉండాల్సిందే. నిర్మల దాన్ని బయటికి లాగింది.

"బయటి మిషన్లు వార్డుల వాడొద్దు," సంజన చెయ్యి అడ్డం పెట్టింది.

"అయితే నీది తే. తెచ్చేదాంక నేనాగ."

నిర్మల కొత్త సూదితో శ్రవణ్ వేలు గుచ్చింది. ముప్పై ఆరు.

అంతమ్మ ముఖం పాలిపోయింది. డెబ్బైకి దిగితేనే తనకు కాళ్ళూ చేతులూ ఆడవు. గబగబా కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసింది.

"వద్దు. మింగే సోయి లేదు, గొంతుల పడ్తది," అని నిర్మల వార్డులోంచి బయటికి నడిచింది.

ఓపీ ముందు ఇరవై మంది ఉన్నారు. "లైన్ల రావాలె!" అని వెనక ఎవరో అరుస్తున్నా ఆగకుండా లోపలికి వెళ్ళి, డాక్టర్ జయరాజ్ ముందు మిషను పెట్టింది. అంకె చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు.

వార్డులో శ్రవణ్ నరంలోకి గ్లూకోజు సూది మెల్లగా ఎక్కిస్తూ ఆయనే చెప్పాడు. "ఈ మలేరియాల చక్కెర గిట్లనే పడిపోతది. మెదడుకు అదే తిండి. ఒంట్ల తిండి ఖర్చయ్యే తీరునే మార్చి మెదడును కాపాడే మందుల కోసం కూడా చూస్తున్నరు. ఇంకా ఎలుకల మీదనే పరీక్షలు చేస్తున్నరు."

"ఎలుకలు సల్లగుండాలె సార్. మా ఆయనకైతే గ్లూకోజు ఆపకుండ్రి."

శ్రవణ్ వేళ్ళు కదిలాయి. కాసేపటికి కళ్ళు తెరిచాడు. "దూపైతుంది, నీళ్ళు," అన్నాడు ముద్ద ముద్దగా.

గ్లూకోజు సీసా మళ్ళీ పెట్టించి, గంటగంటకూ షుగర్ చూడమని చెప్పి జయరాజ్ వెళ్ళిపోయాడు.

"అటెండెంట్లు బయటికి పోవాలె," అంది సంజన.

"పోను," అని నిర్మల స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది. "ఇగ ఏ సీసా పెట్టినా నాకు పేరు సదివి చెప్పి పెట్టుండ్రి."

కోడలికి నచ్చజెబుతుందేమోనని సంజన ఆశగా అంతమ్మ వైపు చూసింది.

"నన్ను అడగకు బిడ్డా," అంది అంతమ్మ. "నేనింకేమన్న చెప్పినా ఇనకు. దాన్నే అడుగు."